చర్మం దాటిన మందు

మోతాదమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వైద్య కళాశాలలో మందుల శాస్త్రం బోధించినన్నాళ్ళూ, ఎవరు ఏ మందు పేరెత్తినా "మోతాదెంత?" అని అడిగి, చెప్పలేనివాణ్ణి తరగతి ముగిసేదాకా నిలబెట్టేది గనుక విద్యార్థులు తగిలించిన పేరది. ఉద్యోగం వదిలినా పేరు వదలలేదు. ఆమె వినడం లేదనుకున్నప్పుడు కన్నకొడుకు కూడా ఆ పేరుతోనే ప్రస్తావిస్తాడు. ఆమెకు వినపడుతూనే ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు గదా అని ఊరుకుంటుంది.

ఆమె ఊరుకోలేనిదల్లా ఇంటి ముందు గదుల సంగతి. ఒకప్పుడు ఆమె పుస్తకాలుండే గదులవి. కోడలు అందులో అందాల దుకాణం తెరిచింది. బీరువాలు పోయి అద్దాలు వచ్చాయి. కాగితపు వాసన పోయి కాలిన వెంట్రుకల కంపు వచ్చింది. ఆ కంపును కప్పడానికి కోడలు గంటగంటకూ పూల పరిమళం చల్లుతుంది. చచ్చిన ఎలుకకు పట్టుబట్ట కట్టినట్టు రెండూ కలిసి మరీ దుర్భరమవుతాయి. పొద్దున్నే చెత్తబుట్ట బయట పెట్టినప్పుడు, పచ్చని మైనపు పట్టీలకు ఎవరెవరివో చంకల వెంట్రుకలు అంటుకుని, తేనెపట్టుకు చీమలు పట్టినట్టు కనిపిస్తాయి. ఆ దృశ్యం కంటబడిన రోజున ఆమెకు పొద్దుటి కాఫీ సహించదు.

"ఒక్కసారి లోపలికొచ్చి చూడండి అత్తయ్యా, ఎంత శుభ్రంగా పెట్టుకున్నానో," అనేది కోడలు.

"నిజంగా శుభ్రమైన చోట ఆ మాట చెప్పుకోనక్కర్లేదమ్మాయ్."

"పోనీ, మీ పై పెదవి మీద ఆ నాలుగు వెంట్రుకలైనా..."

"వాటి జోలికి రాకు. నీకంటే ముందునుంచీ నాతో ఉన్నాయి. నీకంటే తక్కువ మాట్లాడతాయి కూడా."

కోడలు పకపకా నవ్వేది. మనిషి చెడ్డది కాదు. ఎంత మాటన్నా మనసులో పెట్టుకోదు. ఎటొచ్చీ భర్త ఏది చెబితే అదే శాసనమనుకుంటుంది. ఆ భర్తగారు చేస్తున్న ఉద్యోగం మానుకుని, భార్య దుకాణానికి యజమానిగా అవతారమెత్తాడు. లేజరు యంత్రం తెప్పించినవాడూ, "నొప్పి తెలియని నునుపు" అని గోడ నిండా రాయించినవాడూ అతడే. ఆ నొప్పి తెలియకుండా ఉండేందుకు వాడే క్రీమును ఎక్కడినుంచో పెద్ద తెల్లని డబ్బాలలో తెస్తాడు. డబ్బా మీద పేరు లేదు, ఊరు లేదు. మందుల దుకాణంలో దొరికే చిన్న గొట్టాలు బొత్తిగా పనిచేయవనీ, ఇది పూస్తే తోలు ఒలిచినా తెలియదనీ గొప్పగా చెబుతాడు. ఇంట్లో దానికి ముద్దుపేరు వెన్న.

"అందులో ఏముందిరా?" అని మోతాదమ్మ ఒకసారి అడిగింది.

"అంతా సహజమేనమ్మా. లవంగ నూనె."

లవంగ నూనె అయితే లవంగం వాసన రావాలి గదా అని ఆమెకు తోచింది. నడవలో పెట్టి ఉన్న డబ్బా మూత తీసి చూద్దామనుకుంటే, ఆ మూత అంచున ఎవరిదో పొట్టి వెంట్రుక అంటుకుని ఉంది. ఒళ్ళు జలదరించి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రోజు పొద్దున కోడలి చెల్లెలు వచ్చింది. అందరికీ ఆమె చిట్టి. నోరు మూతపడని పిల్ల. వీధి మలుపులో దుకాణం తాలూకు పెద్ద బోర్డు ఎక్కించబోతున్నారు. దాని మీద వేసే ఫొటోకు చిట్టి కాళ్ళూ వీపూ కావలసివచ్చాయి. వాటి మీది వెంట్రుకలను లేజరుతో విడతలు విడతలుగా తీయవలసిన పనిని బావగారి తొందర వల్ల ఒక్క పూటలోనే ముగించాలని నిర్ణయమైంది.

"అత్తయ్యగారూ! ఇకనుంచి మీరు పొద్దున్నే కిటికీ తెరిస్తే నా కాళ్ళే కనిపిస్తాయి," అంది చిట్టి వెనక గదిలోకి తొంగిచూసి.

"కళ్ళకద్దుకోమంటావా?"

"అబ్బే, దూరం నుంచి దణ్ణం పెట్టుకోండి చాలు."

మోతాదమ్మకు నవ్వొచ్చింది గాని పైకి కనిపించనివ్వలేదు. "అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. మీ అక్క రెండూ ఒకేసారి పట్టుకుంటోంది. జాగ్రత్త," అంది.

చిట్టి ముందు గదిలోకి వెళ్ళిపోయింది. నడుమ తలుపు ఓరగా తెరిచే ఉండటం వల్ల మాటలు వినపడుతూనే ఉన్నాయి. ముందు గరుకు పొడితో కాళ్ళు తోమారు. తరువాత వెన్న పూశారు. ఆ మీదట, మందు లోపలికి దిగడానికి, వంటింట్లో గిన్నెలకు చుట్టే పల్చని ప్లాస్టిక్కు చుట్టారు. చలిగా ఉందని పిల్ల అంటే కోడలు వేడి దుప్పటి కూడా కప్పింది. చిట్టి కబుర్లు సాగాయి. ముందు మామూలుగా సాగాయి. తరువాత నవ్వు ఎక్కువైంది. ఒక మాట పూర్తికాకుండానే మరో మాట తొక్కుకుంటూ రాసాగింది.

"అత్తయ్యగారూ, ఆ మిక్సీ కట్టేయండి! చెవులు హోరెత్తిపోతున్నాయి."

మోతాదమ్మ చదువుతున్న పత్రిక దించింది. వంటింట్లో ఎవరూ లేరు. మిక్సీ తిరగడం లేదు.

"అక్కా, నోట్లో తుప్పుపట్టిన తాళంచెవి పెట్టుకున్నట్టుందే. పెదాలు చూడు, లావెక్కాయా? ఇవి నావేనా?"

"క్రీము పనిచేస్తోంది. కదలకుండా పడుకో."

క్రీము పూసింది కాళ్ళకూ వీపుకూ. పనిచేస్తున్నది పెదవుల మీదనా?

మోతాదమ్మ లేచి నిలబడింది. ఈ పాఠాన్ని ఆమె ఏటేటా, నల్లబల్ల మీద నరం బొమ్మ గీసి, చెప్పి ఉంది. నరం గోడకు సన్నని ద్వారాలుంటాయి. వాటిగుండా ఉప్పు తాలూకు కణాలు లోపలికి దూసుకుపోతేనే నొప్పి కబురు మెదడుకు చేరుతుంది. మొద్దుబార్చే మందు చేసే పనల్లా ఆ ద్వారాలు మూయడమే. వేలికి వేస్తే వేలి నరాల ద్వారాలు మూస్తుంది. చర్మానికి పూస్తే చర్మపు నరాలవి మూస్తుంది. కాని మందుకు కళ్ళు లేవు. చర్మం దాటి నెత్తురులో పడితే, మెదడులోనూ ద్వారాలే, గుండెలోనూ ద్వారాలే. కనిపించినదల్లా మూసుకుంటూ పోతుంది. ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, నాలుకకు లోహపు రుచి తగులుతుంది, చెవులు మోగుతాయి, మనిషి వదరుతాడు. తరువాత మూర్ఛ. ఆ తరువాతది గుండె. గరుకు పొడితో తోమిన తోలు, ప్లాస్టిక్కు చుట్ట, వేడి దుప్పటి: నెత్తురులోకి మందును పంపడానికి ఇంతకంటే చక్కని ఏర్పాటు పగవాడు కూడా చేయలేడు.

ఏళ్ళ తరబడి అడుగుపెట్టని గదిలోకి ఆమె అడుగుపెట్టింది.

చిట్టి బల్ల మీద బోర్లా పడి ఉంది. మాంసం దుకాణంలో చుట్టి పెట్టిన తొడ ముక్కల్లా కాళ్ళు ప్లాస్టిక్కులోంచి మెరుస్తున్నాయి. చుట్ట అంచుల వెంట తెల్లని జిడ్డు ఉబికి, తోమినప్పుడు రాలిన వెంట్రుకలతో, తోలు పొట్టుతో కలిసి, బల్ల మీదికి కారుతోంది. వేడికి ఆ జిడ్డు వెచ్చబడి ఒక రకమైన మందపు వాసన వేస్తోంది. మోతాదమ్మ పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని డబ్బా దగ్గరికి వెళ్ళింది. డబ్బాలో చూపుడువేలు ముంచి, కళ్ళు మూసుకుని, నాలుక కొస మీద పెట్టుకుంది. చేదు. ఆ వెంటనే నాలుక కొస తనది కాకుండా పోయింది. లవంగం జాడ లేదు.

"లిగ్నోకెయినే. మొద్దుబార్చే మందు. విప్పు," అంది కోడలితో.

"ఇంకాసేపు ఉంచాలత్తయ్యా. ఇప్పుడు తీస్తే మొత్తం పాడైపోతుంది."

"పిల్ల పాడైపోతోంది. విప్పవే!"

కోడలు దిక్కులు చూస్తూంటే ఆమే దుప్పటి లాగేసి ప్లాస్టిక్కు చించింది. చేతికందిన తువ్వాళ్ళను చన్నీళ్ళలో ముంచి తుడవడం మొదలుపెట్టింది. జిడ్డు మోచేతులదాకా పాకింది. వెంట్రుకలు వేళ్ళ సందుల్లో ఇరుక్కున్నాయి. తుడిచేకొద్దీ తోలు మీద ఇంకో పొర తేలుతోంది. జీవితంలో ఇంత రోత పని ఎన్నడూ చేయలేదనిపించింది. చేతులు మాత్రం ఆపలేదు.

"అత్తయ్యగారూ, మీరా?" అంది చిట్టి ముద్దముద్దగా. "మీరు నా కాళ్ళు..."

ఆ మాట ముగియలేదు. పిల్ల చేతివేళ్ళు టకటకా కొట్టుకున్నాయి. కళ్ళు పైకి తేలాయి. ఒళ్ళంతా విల్లులా బిగిసి ఎగిరెగిరి పడసాగింది.

కోడలు కేక పెట్టింది. కొడుకు పరుగున వచ్చాడు. వీధి చివరనే ఆసుపత్రి. పిల్లను దుప్పటిలో చుట్టి కారులో వేశారు. వెనక సీటులో మోతాదమ్మ పిల్లను పక్కకు తిప్పి, దవడ పట్టుకుని కూర్చుంది. ముందు సీటులో కొడుకు భార్యకు చెబుతున్న మాటలు ఆమె చెవిన పడ్డాయి.

"ఏడవకు. నేను చెప్పేది విను. అక్కడ క్రీము మాట ఎత్తొద్దు. ఎవరేం అడిగినా నేను మాట్లాడతాను. తెలిసిందా?"

భయంతో మతిపోయి వాగుతున్నాడనుకుంది ఆమె. గుమ్మం ఎక్కేసరికి సర్దుకుంటాడనుకుంది.

అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు కుర్రవాడే గాని చేతిలో తొట్రుపాటు లేదు. ప్రాణవాయువు పెట్టించి, నరంలోకి ఇంజక్షన్ ఇచ్చి మూర్ఛను ఆపాడు. ఛాతీకి తీగలు తగిలించి గుండె గీతను తెర మీదికి తెచ్చాడు. అంతవరకూ మోతాదమ్మకు వంక పెట్టడానికేమీ దొరకలేదు. అప్పుడతడు వెనక్కి తిరిగి అడిగాడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఫిట్స్ వచ్చాయా?"

"చిన్నప్పట్నించీ ఉన్నాయండీ," అన్నాడు కొడుకు.

మోతాదమ్మ తన చెవులను తాను నమ్మలేకపోయింది. అతడు ఆగలేదు. "మందులు వాడుతూ ఉండేది. లావైపోతున్నానని ఈమధ్యే మానేసింది. ఎంత చెప్పినా వినదండీ, మొండిఘటం."

ఎంత వివరంగా చెప్పాడు! లేని రోగం, లేని మందు, లేని మొండితనం. ఆ నున్నని మాటతీరు చూస్తే, ఇది కంగారులో నోరుజారడం కాదనీ, దారిలోనే అల్లి తెచ్చుకున్న అబద్ధమనీ ఆమెకు స్పష్టమైంది.

"సిస్టర్, ఫెనిటాయిన్ తీసుకురండి. సెలైన్‌లో కలిపి ఎక్కిద్దాం," అన్నాడు డాక్టరు. విన్న కథకు అది సరైన మందే. కథే తప్పు.

ఆ పేరు వినగానే మోతాదమ్మ మంచం దగ్గరికి జరిగింది. ఫెనిటాయిన్ చేసేది కూడా ద్వారాలు మూసే పనే. ఆ పిల్ల గుండెలో ఇప్పటికే సగం తలుపులు వేసి ఉన్నాయి. మిగిలినవి మూయడానికి ఇంకొకడిని పిలుస్తున్నారు.

"ఆ మందు పెట్టకు నాయనా," అంది ఆమె. "ఈ పిల్లకు ఏనాడూ మూర్ఛ లేదు. ఇది లిగ్నోకెయిన్ విషం. కాళ్ళకూ వీపుకూ పూసి, చుట్టి, వెచ్చబెట్టారు."

డాక్టరు చెయ్యి ఆగింది. కొడుకు చిన్నగా నవ్వి, గొంతు తగ్గించాడు.

"మా అమ్మండీ. పెద్దావిడ, కంగారుపడిపోయింది. ఎప్పుడో పాఠాలు చెప్పేది. ఇప్పటికీ దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఏదో ఒక మందు మీదికి తోస్తుంది. అమ్మా, నువ్వు బయట కూర్చో."

"ఒరేయ్, నీకు బుద్ధుందా? పిల్ల చచ్చిపోతుంది!"

"అమ్మా! డాక్టరుగారి పని డాక్టరుగారిని చెయ్యనీ."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరువాత కోడలివైపు తిరిగాడు. "మీ చెల్లెలే కదమ్మా. మీరు చెప్పండి. ఫిట్స్ ఉన్నాయా, లేవా?"

కోడలు భర్త ముఖం చూసింది. తల దించి నేల చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అవతల నర్సు సీసా మూత తీస్తున్న చప్పుడు వినిపించింది.

మోతాదమ్మకు పొద్దుటి జిడ్డూ, వెంట్రుకలూ, కంపూ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. అసలైన కుళ్ళు ఇక్కడ ఉంది, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వినయంగా చేతులు కట్టుకుని. ఇతడికి తాను ముద్దలు కలిపి పెట్టింది, అక్షరాలు దిద్దించింది. 

అదంతా తలచుకోవడానికి ఇది సమయం కాదు. తెర మీద గుండె గీత నెమ్మదిస్తోంది. సూదిమొనల్లా నిలబడవలసిన గీతలు గుట్టల్లా వెడల్పవుతున్నాయి. తరగతిలో పనికివచ్చిన గొంతునే ఆమె బయటికి తీసింది.

"డాక్టరుగారూ, నా మాట నమ్మొద్దు. వాడి మాటా నమ్మొద్దు. ఆ ట్రేలో సూది ఉంది. చేతి మీద ఒకసారి గుచ్చు. పిక్క మీద ఒకసారి గుచ్చు. అంతకంటే నేనేమీ అడగను."

అతడు క్షణం తటపటాయించి సూది తీసుకున్నాడు. చేతి మీద గుచ్చాడు. మగతలోనే చిట్టి మూలిగి చెయ్యి గుంజుకుంది. పిక్క మీద గుచ్చాడు. కదలిక లేదు. ఇంకొంచెం పైన గుచ్చాడు. చిన్న నెత్తుటి బొట్టు పొడిచింది, కాలు కొయ్యలా పడే ఉంది. దుప్పటి తొలగించి మోకాలి వెనక మడత చూశాడు. అక్కడ తుడవగా మిగిలిన తెల్లని జిడ్డు ఉంది.

"మూర్ఛరోగం కాళ్ళ తోలును మొద్దుబార్చడం నీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా?" అంది మోతాదమ్మ.

"సిస్టర్, ఆపండి! అది వద్దు," అన్నాడతడు. కోడలివైపు తిరిగి గట్టిగా అడిగాడు. "ఎంత పూశారు?"

"డబ్బా..." కోడలు నేల మీదినుంచి తలెత్తింది. "డబ్బాలో సగం పైన. ఆయనే ఒత్తుగా పుయ్యమన్నారు. దానికి ఫిట్సూ లేవు, పాడూ లేవు. అబద్ధమండీ. అబద్ధం!"

"ఏయ్!" అన్నాడు కొడుకు.

"మీరు నోరు ముయ్యండి!" అంది కోడలు. పెళ్ళయిన నాటినుంచి ఆమె నోట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

"కొవ్వు ద్రావణం ఉందా నాయనా? నోటితో తినలేనివాళ్ళకు నరంలోంచి ఎక్కించేది?" అడిగింది మోతాదమ్మ.

"పై వార్డులో ఉండాలి. మోతాదు..."

"దాన్ని నువ్వే చూసుకోవాలి. నేను చెప్పగలను, కాని పుస్తకం తెరిచి చూసి మరీ ఇవ్వు. ఇవాళ ఈ పిల్ల విషయంలో మనుషుల మాట మీద ఆధారపడింది చాలు."

నర్సు పరుగున మేడెక్కి దిగింది. సీసాలో పాలవంటి తెల్లని ద్రవం. గొట్టం వెంట అది జారి చిట్టి చేతి నరంలోకి దిగుతూంటే మోతాదమ్మ తెర మీదినుంచి చూపు మరల్చలేదు. లిగ్నోకెయిన్‌కు కొవ్వంటే ప్రీతి. నెత్తురులో కొవ్వు కనబడితే గుండెను వదిలి అటు వెళుతుంది. పాఠం చెప్పడానికి ఎంత తేలిక! తెర ముందు నిలబడి దాని కోసం ఎదురుచూడటం అంత తేలిక కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. గుట్టలు గుట్టలుగానే ఉన్నాయి. డాక్టరు ఇంకోసారి ఎక్కించాడు. కోడలు చెల్లెలి పాదాలు పట్టుకుని ఏడుస్తోంది. ఆ పాదాలకు ఆ స్పర్శ తెలియడం లేదు.

గీతలు నెమ్మది నెమ్మదిగా సన్నబడ్డాయి. వేగం పుంజుకున్నాయి. డాక్టరు వదిలిన ఊపిరి గదిలో అందరికీ వినిపించింది.

ఎండ కిటికీ దాటే వేళకు చిట్టి కళ్ళు తెరిచింది. "ఎవరే నా నాలుక పట్టుకెళ్ళింది?" అంది నత్తినత్తిగా. కోడలు ఆమె నుదుటి మీద ముఖం పెట్టుకుని చాలాసేపు లేవలేదు.

తరువాత మోతాదమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. "అత్తయ్యా, మొదట అడిగినప్పుడు నేను నోరు విప్పలేదు. ఆ సీసా ఎక్కించేసి ఉంటే?"

"చచ్చిపోయేది," అంది మోతాదమ్మ. ఆ మాటను మెత్తబరిచి చెప్పడం ఆమెకు చేతకాలేదు. చేతనైనా చెప్పి ఉండేది కాదు. కోడలు తల ఊపి, మళ్ళీ చెల్లెలి మంచం పక్కకు వెళ్ళి కూర్చుంది.

కొడుకు కాగితపు కప్పులలో కాఫీ తెచ్చాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు.

"గండం గడిచింది. తాగమ్మా," అన్నాడు. "చూడు, జరిగిందేదో జరిగింది. పిల్ల బాగుంది గదా. డాక్టరుతో మాట్లాడి, ఏదో ఎలర్జీ అని రాయించేస్తే అందరికీ మంచిది. దుకాణం మూతపడితే నీ కోడలే గదా ఏడ్చేది? బోర్డు కూడా తయారై కూర్చుంది. నువ్వు కాస్త ఊరుకున్నావంటే చాలు."

ఆ మాటలలో సిగ్గు ఎక్కడైనా తగులుతుందేమోనని ఆమె చివరిదాకా విన్నది. తగల్లేదు. చేతి మీద ఎక్కడ గుచ్చితే ఇతడు గుంజుకుంటాడో ఆమెకు తెలియలేదు. కాఫీ ముట్టుకోకుండా లేచి, డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"లిగ్నోకెయిన్ అని రాయి నాయనా. పేరు లేని డబ్బాలోదని రాయి. ఎవరికి తెలియజెయ్యాలో వాళ్ళకి తెలియజెయ్యి. ఎవడైనా వచ్చి ఇంకోలా రాయమంటే రాయకు. ఆ డబ్బా నేనే తెచ్చి ఇస్తాను."

"రాస్తానమ్మా." అతడు కలం తీసి, కొంచెం మొహమాటపడుతూ తలెత్తాడు. "మూర్ఛ ఉందని చెప్పినాయన... ఆయన నిజంగా మీ కొడుకేనా?"

మోతాదమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. వరండాలో అతడు ఆమె వదిలేసిన కాఫీ కూడా తానే తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కన్నాను," అంది.